అత్తయ్యగారి ప్లాస్టిక్ సంచీ

మా అత్తయ్యగారికి ఒక అలవాటుంది. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లయినా సరే, పెళ్లి శుభలేఖయినా సరే, ముందు ప్లాస్టిక్ సంచీలో పెడతారు. మూతి రబ్బరు బ్యాండుతో బిగిస్తారు. దాన్ని ఇంకో సంచీలో పెట్టి అటక ఎక్కిస్తారు. కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో నేను నవ్వుకునేదాన్ని. "ఏంటత్తయ్యా, బీరువా ఉందిగా?" అంటే, "బీరువా నేలమీదేగా ఉంటదమ్మా" అనేవారు.

ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మాది నాగాయలంక. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు ఆవిడకు పదహారేళ్లు. పదివేలమందికి పైగా పొట్టనబెట్టుకున్న ఆ ఉప్పెన గురించి ఆవిడ ఎక్కువ మాట్లాడరు. ఒక్క సంగతి మాత్రం పదేపదే చెబుతారు. ఆవిడ తమ్ముడు అప్పుడు ఏడో తరగతి. ప్రాణాలతో బయటపడ్డాడు. ఇల్లు కొట్టుకుపోయింది. ఇంట్లో కాగితాలు పోయాయి. బడిలో రిజిష్టర్లూ పోయాయి. ఏడాది తర్వాత ఇంకో ఊళ్లో చేర్పించబోతే, "ఏ తరగతి చదివాడు? కాగితమేదీ?" అన్నారట. చిన్న తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి ఆయన పడవ ఎక్కారు. ఇప్పటికీ వలే ఆయన జీవనం.

"ఇల్లు మళ్లీ కట్టుకున్నాం. వాడి చదువు మాత్రం ఆ కాగితంతోనే పోయింది" అంటారు అత్తయ్యగారు.

నేను డిగ్రీ చదివాను. కథలు రాస్తాను. పత్రికల్లో పేరు చూసుకుని మురిసిపోయినదాన్ని. అయినా నా పిల్లల బడి కాగితాల దగ్గరకు వచ్చేసరికి నేనూ అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాను. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఒక్క కాగితం కోసం నలభై రోజులు

2023 వేసవిలో మేం పట్నం వదిలి సొంత ఊరు వచ్చేశాం. మావారిది రొయ్యల మేత వ్యాపారం. రొయ్య ధర పడిపోతే ఆ దెబ్బ మేత కొట్టు దాకా వస్తుంది కదా! అరువులు వసూలు కాలేదు. పిల్లల ఫీజులు బకాయి పడ్డాయి. మా అబ్బాయి మూడో తరగతి అయిపోయి నాలుగులోకి రావాలి. పట్నంలో వాడు చదివిన ప్రైవేటు బడికి వెళ్లి టీసీ అడిగితే, "ఫీజు కట్టేసి తీసుకెళ్లండి మేడమ్" అన్నారు. కొత్త బడికి వెళ్తేనేమో, "టీసీ తెచ్చుకోండి, అప్పుడు చూద్దాం" అన్నారు. మధ్యలో వాడు నలభై రోజులు ఇంట్లో కూర్చున్నాడు. తోటి పిల్లలు సంచీలు తగిలించుకుని వెళ్తుంటే గుమ్మం వెనక దాక్కునేవాడు. చివరికి నా గొలుసు తాకట్టు పెట్టి ఆ కాగితం తెచ్చుకున్నాం.

ఆ గొలుసు తాకట్టు పెట్టాల్సిన పని లేదని తర్వాత తెలిసింది. నాకు తెలియని ఆ సంగతి 2009లో చేసిన విద్యాహక్కు చట్టంలో ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో అయిదో సెక్షను ఏం చెబుతోందంటే... ఏ కారణం వల్లనైనా సరే, పిల్లవాడు ఒక బడి నుంచి ఇంకో బడికి మారాల్సి వస్తే, పాత బడి హెడ్మాష్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యం చేస్తే ఆ హెడ్మాష్టరు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. టీసీ రాలేదన్న వంకతో కొత్త బడివాళ్లు పిల్లల్ని చేర్చుకోకుండా ఆపకూడదు, ఆలస్యం కూడా చేయకూడదు!

అంటే ముందు పిల్లవాడు బడిలో కూర్చుంటాడు. టీసీ ఆ తర్వాత వస్తుంది. నేను అంతా తలకిందులుగా చేశానన్నమాట.

ఫీజు బాకీ ఎగ్గొట్టమని చెప్పడం లేదు. అప్పు అప్పే. దాన్ని వసూలు చేసుకోవడానికి బడివాళ్లకు వేరే దారులుంటాయి. పిల్లవాడి చదువును తాకట్టు పెట్టుకునే హక్కు మాత్రం వాళ్లకు లేదు.

రెండు మెలికలున్నాయి. అవీ తెలుసుకోవాలి. ఈ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, అంటే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. మారే బడి కూడా ప్రభుత్వానిదో, ఎయిడెడ్‌దో అయి ఉండాలి. ఒక ప్రైవేటు బడి నుంచి ఇంకో ప్రైవేటు బడికి మారతానంటే ఈ సెక్షను ఆసరా ఉండదు.

ఇంకో సంగతి. ఈ రోజుల్లో టీసీ చేతికొస్తే పని అయిపోయినట్టు కాదు. కంప్యూటర్లో పిల్లవాడి పేరు పాత బడి ఖాతాలో ఉంటుంది. వాళ్లు అక్కడ వదిలితేనే ఇక్కడ ఎక్కుతుంది. కాబట్టి టీసీ తీసుకునేటప్పుడే, "ఆన్‌లైన్‌లో కూడా పేరు తీశారాండీ?" అని ఒక్కమాట అడగండి. తీయకపోతే మండల విద్యాశాఖాధికారికి కాగితం రాసివ్వండి.

చెరువు గట్టు మీది పిల్లవాడు

2025 జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ మా ఇంటికొచ్చింది. పాతికేళ్లుంటాయేమో. ఒంగోలు వైపు నుంచి రొయ్యల చెరువు కాపలాకు వచ్చిన కుటుంబం. చెరువు గట్టు మీదే పాక. వెంట పదేళ్ల పిల్లవాడు.

"అక్కా, వీణ్ణి బడిలో వేద్దామనుకుంటన్నా. టీసీ లేకపోతే రానివ్వరంటగా?"

వాడు రెండో తరగతిలో ఉండగా ఊరు వదిలారట. ఆ తర్వాత మూడు చెరువులు మారారు. చేతిలో టీసీ లేదు. పుట్టిన తేదీ కాగితం లేదు. ఆధార్ కార్డు ఊళ్లో ముసలమ్మ దగ్గరుందట. వాడు మా వరండాలో నిలబడి మా అబ్బాయి సైకిలు వంక చూస్తున్నాడు. లోపలి నుంచి అత్తయ్యగారు వాడివంకే చూస్తున్నారు. ఆవిడకు ఎవరు గుర్తొచ్చి ఉంటారో నాకు తెలుసు.

ఆవిణ్ణి వెంటబెట్టుకుని మా వీధి ప్రైమరీ స్కూలుకు వెళ్లాను. ఈసారి చేతులు కట్టుకుని నిలబడలేదు. చట్టంలో రెండు మాటలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. వయసు రుజువు లేదని ఏ పిల్లవాడికీ ప్రవేశం నిరాకరించకూడదు. ఆసుపత్రి రిజిష్టరో, అంగన్‌వాడీ రిజిష్టరో లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చే ప్రకటన చాలు. మధ్యలో బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడిన చదువు అందుకోవడానికి వాళ్లకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అది కనీసం మూడు నెలలు. అవసరమైతే రెండేళ్ల దాకా.

హెడ్మాష్టారు మంచాయన. "చట్టం నాకూ తెలుసమ్మా. ఆన్‌లైన్‌లో వీడి పాత పేరు వెతికి పట్టుకోవాలి, అదీ నా తంటా" అని నవ్వారు. ఆరోజే వాడి పేరు అయిదో తరగతి రిజిష్టర్లో రాశారు. వాడికి అక్షరాలు సగం మర్చిపోయాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక టీచరుగారు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాలు చెప్పేవారు. చిన్న తరగతిలో కూర్చోబెట్టి ఉంటే వాడు రెండో రోజే గట్టు మీదకు పారిపోయేవాడని నా నమ్మకం. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అత్తయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అప్పట్లో ఇట్టాంటిది ఉంటే మావాడు కూడా..." అని ఆగిపోయారు.

జామెట్రీ బాక్సులో నీలం మాత్రలు

ఇంతవరకూ బడివాళ్ల తప్పులు చెప్పాను. ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు దాని జామెట్రీ బాక్సు తుడుద్దామని తీశాను. వృత్తలేఖిని కింద ఆరు నీలం రంగు మాత్రలు! గుండె గుభేలుమంది. "ఏమిటే ఇవి?" అంటే, "బడిలో వారం వారం ఇస్తారమ్మా, వేసుకుంటే కడుపులో తిప్పుతుంది" అంది.

అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వయసు పిల్లలకు వారానికొకటి నీలం మాత్ర, అంతకంటే చిన్నవాళ్లకు గులాబీ రంగు మాత్ర ఇస్తారు. ఎందుకంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రంలో ఇంకాస్త ఎక్కువే. అంటే నలుగురు ఆడవాళ్లు వరండాలో కూర్చుంటే అందులో ఇద్దరికి పైగా రక్తం తక్కువే! మా అమ్మాయి మేడమెట్లు ఎక్కి ఆయాసపడుతుంటే, "బద్ధకం" అని నేను కసిరిన రోజులు గుర్తొచ్చాయి.

ఆ మాత్ర ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది. భోజనం చేశాక వేసుకుంటే చాలామందికి ఏ బాధా ఉండదు. టీ, కాఫీలతో వేసుకోకూడదు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లో, ఉసిరికాయ ముక్కో తీసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా వచ్చిందని కంగారు పడక్కర్లేదు. ఈ నాలుగు మాటలూ దానికి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర సంగతీ అంతే. పిల్లలు నమిలి మింగారో, కిటికీలోంచి విసిరారో మనం అడగాలి. కడుపులో నులిపురుగులుంటే పెట్టిన గుడ్డూ, తాగిన రాగిజావా ఒంటికి పట్టవు.

రెండో తప్పు మా అబ్బాయి విషయంలో. బోర్డు మీద ఎనిమిదిని మూడని రాసుకొస్తే వీపు మీద రెండు తగిలించాను. ఆ తర్వాత కొన్నాళ్లకు వాడి పుస్తకాల సంచీ అడుగున నలిగిపోయిన చీటీ దొరికింది. 'చూపు తక్కువగా ఉంది, కంటి డాక్టరుకు చూపించాలి' అని రాసి ఉంది. తేదీ చూస్తే అప్పటికి మూడు వారాలైంది!

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. డాక్టర్ల బృందం బడికి ఏడాదికొకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం... ఈ నాలుగూ చూస్తారు. ఏదైనా తేలితే పై ఆసుపత్రికి చీటీ రాస్తారు. అక్కడి వైద్యానికీ డబ్బు కట్టనక్కర్లేదు. కానీ ఆ చీటీ సంచీ అడుగున నలిగిపోతే ఏం లాభం? వాడికి కళ్లజోడు వచ్చాక మొదటిరోజు, "అమ్మా, ఏటి అవతల చెట్లకు ఆకులు కూడా కనపడుతున్నాయి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

మాష్టారి బదిలీ... మన బాధ

బదిలీ పిల్లలకే కాదు, టీచర్లకూ ఉంటుంది. ఎదురుమొండి దీవుల వైపు వెళ్లాలంటే ఏటిమొగ దగ్గర కృష్ణ పాయ దాటాలి. చంకలో బిడ్డతో, చేతిలో క్యారేజీతో పంటు ఎక్కిన టీచరమ్మను చూశాను. మన పిల్లలకు మంచి టీచరు కావాలని మనం కోరుకుంటాం. ఆవిడ తన బిడ్డకు జ్వరమొస్తే డాక్టరుకు దగ్గరగా ఉండాలని కోరుకుంటుంది. రెండూ న్యాయమే.

2025లో మన రాష్ట్రం టీచర్ల బదిలీలకు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. టీచరు ఎనిమిదేళ్లు, హెడ్మాష్టరు అయిదేళ్లు ఒకేచోట పనిచేస్తే బదిలీ తప్పనిసరి. రోడ్డూ వసతీ లేని మారుమూల ఊళ్లో పనిచేసినవాళ్లకు ఏడాదికి ఎక్కువ పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో తర్వాత కోరుకున్న చోటుకు వెళ్లొచ్చు. సిఫారసు ఉత్తరాలకంటే ఇది నయమే. ఇక తల్లులుగా మనం అడగాల్సింది ఒక్కటే. "పాత టీచరు వెళ్లేరోజుకి కొత్త టీచరు వస్తున్నారా?" ఆ మధ్య ఖాళీలోనే పిల్లల చదువు జారిపోతుంది.

బళ్లను కలపడం, విడదీయడం కూడా ఇలాంటిదే. 2022లో వచ్చిన జీవో 117 ప్రకారం, కిలోమీటరు లోపు హైస్కూలుంటే ప్రైమరీ స్కూల్లోని మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని అందులో కలిపారు. సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నది ఉద్దేశం. కొందరికి మేలూ జరిగింది. కానీ కాగితం మీద కిలోమీటరు వేరు, మా సీమలో కాలవగట్టు వెంట ఎనిమిదేళ్ల పిల్లవాడు నడిచే కిలోమీటరు వేరు! వానాకాలం వచ్చిందంటే రోజూ నా గుండె ఆ కాలవ వంతెన మీదే ఉండేది. 2025లో ఆ జీవోను తీసేశారు. ఆ తరగతులు మళ్లీ ప్రైమరీకి వచ్చాయి. పిల్లలు సరిపడా ఉన్నచోట తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. మూడేళ్లలో ఆ పిల్లలు రెండు ఏర్పాట్లు చూశారు. ఇంత పెద్ద మార్పుల్లో తల్లి మాట వినిపించే చోటు ఎక్కడైనా ఉందా?

ఉంది.

సంతకం పెట్టేముందు చదవండి

ప్రతి ప్రభుత్వ బడికీ విద్యా కమిటీ ఉండాలని చట్టం. దాంట్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఈ కమిటీ పని.

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. నేనూ సభ్యురాలినయ్యాను. మొదటి సమావేశంలో ఏం జరిగిందో చెప్పనా? రిజిష్టరు చేతులు మారింది. అందరం సంతకాలు పెట్టాం. టీ తాగాం. వచ్చేశాం! పక్కింటి వదిన అయితే భర్తను పంపించి, "నా బదులు ఆయన పెడతార్లే" అంది. అది ఆయన కమిటీ కాదు వదినా, నీ కమిటీ!

రెండో సమావేశానికి రిజిష్టరు చదివి గానీ సంతకం పెట్టనన్నాను. ఆడపిల్లల మరుగుదొడ్డికి గొళ్లెం లేదని మా అమ్మాయి ఎన్నాళ్ల నుంచో చెబుతోంది. నీళ్లు తక్కువ తాగుతోందని, మధ్యాహ్నం దాకా ఆపుకుంటోందని అప్పటికి నాకు అర్థమైంది. ఆ గొళ్లెం సంగతి రిజిష్టర్లో రాయమన్నాను. "ఇంత చిన్నదానికి రాయడం ఎందుకమ్మా?" అన్నారొకరు. "చిన్నదేగా, రాయండి మరి" అన్నాను. రాశారు. వారంలో గొళ్లెం వచ్చింది. నోటిమాటగా చెప్పినన్నాళ్లూ రానిది రాస్తే వచ్చింది.

డబ్బు లెక్క అడగడానికి మొహమాటపడతాం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద పిల్లకు 15 వేలని ప్రకటించి, తల్లి ఖాతాలో 13 వేలు వేశారు. మిగతా రెండువేలు బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రానికి తీసిపెట్టారు. అంటే అది మన పిల్లల పేరు మీద వచ్చిన డబ్బే. దాని లెక్క అడగడం తగువు కాదు, మన పని.

కమిటీతో తేలకపోతే స్థానిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. దాన్ని మూడు నెలల్లో తేల్చాలని కూడా చట్టంలోనే ఉంది. పిల్లల్ని కొట్టడం, మనసు నొచ్చేలా హింసించడం నిషేధం. ఈ ఫిర్యాదుకూ అదే దారి.

మీ సంచీలో ఇవి ఉన్నాయా?

* టీసీ, దాని రెండు జిరాక్సు కాపీలు. ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో బడి గడప దాటకముందే చూసుకోండి.

* పుట్టినతేదీ ధ్రువపత్రం. ఇంకా తీసుకోకపోతే ఈ నెలలోనే పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో అడగండి.

* ఆరోగ్య పరీక్షల చీటీలన్నీ, టీకాల కార్డుతో సహా. డాక్టర్లు వచ్చిన రోజు సాయంత్రమే పిల్లల సంచీ వెతకండి.

* ప్రోగ్రెస్ కార్డులు, ఏ ఏడాదివి ఆ ఏడాది.

* మీరు బడికి ఇచ్చిన ప్రతి అర్జీ నకలు, తీసుకున్నట్టు సంతకంతో, తేదీతో.

ఇంతకీ చెరువు గట్టు మీది పిల్లవాడి కథ పూర్తిగా సుఖాంతమని చెప్పలేను. పంట పట్టుబడి అయిపోగానే వాళ్ల నాన్నకు ఇంకో ఊళ్లో కాపలా కుదిరింది. అప్పటికి వాడు కూడబలుక్కుని పాఠం చదువుతున్నాడు. వెళ్లే ముందురోజు వాళ్లమ్మ వచ్చింది. ఈసారి చేతిలో టీసీ ఉంది. హెడ్మాష్టారు అడిగిన రోజే ఇచ్చారట. ఆరోగ్య పరీక్ష చీటీ కూడా ఉంది.

"అక్కా, అక్కడ చేర్చుకుంటారంటావా?" అంది.

"చేర్చుకోవాలి. నువ్వు భయపడమాకు. నేను రాసిచ్చిన కాగితం చూపించు" అన్నాను.

అత్తయ్యగారు లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చారు. కాగితాలన్నీ అందులో సర్ది, మూతి మడిచి, రబ్బరు బ్యాండు వేశారు. దాన్ని ఇంకో సంచీలో పెట్టి పిల్లవాడి చేతికే ఇచ్చారు.

"నీళ్లొస్తే ముందు ఇది పైన పెట్టు నాయనా. పోగొట్టుకోమాకు" అన్నారు.

ఈసారి నేను నవ్వలేదు.